క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మంచి మాట: స్నేహితులకి ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి?

 

ఈ రోజు విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మంచి మాట ఒకటి చేతికొచ్చింది. స్నేహితులకి చెప్పాలి. ఎలా చెప్పాలి? "మంచి వార్త చెప్పడానికి కూడా ఒక ఎపిసోడా అమ్మా?" అని మా అబ్బాయి నవ్వాడు. నవ్వితే నవ్వాడులెండి. చెడ్డ వార్త దగ్గర నేను చాలా జాగ్రత్తగా ఉన్నాను. ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి ఫోన్‌లో చెప్పకూడదు, అన్నీ ఆలోచించుకున్నాను. మంచి వార్త దగ్గరే పప్పులో కాలేశాను. దానివల్ల ఇంచుమించు నా వైద్యమే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అందుకే ఈ ఎపిసోడ్.

జరిగింది చెప్తాను. రెండేళ్ల క్రితం నాకు ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయింది. రొమ్ము మొత్తం, దాంతోపాటు చంకలో ఉండే లింఫ్ గ్రంథులు కూడా తీశారు. థియేటర్ బయట మావారు, మా చెల్లెలు కూర్చున్నారు. మూడు గంటల తర్వాత సర్జన్ గారు బయటికొచ్చి, "ఆపరేషన్ బాగా జరిగిందండి. గడ్డ మొత్తం తీసేశాం" అన్నారు. ఆయన అన్నది ఈ రెండు ముక్కలే. నా ఫోన్ మా చెల్లెలి చేతిలో ఉంది. అది మా టెన్త్ క్లాస్ గ్రూప్‌లో ఏం పెట్టిందంటే, "దేవుడి దయవల్ల అక్కకి మొత్తం తీసేశారు. ఇంక క్యాన్సర్ లేదు. ఎవరూ భయపడొద్దు."

నాకు మత్తు దిగి, మర్నాడు ఫోన్ చూసుకునేసరికి గ్రూప్ నిండా దండాలు, పూలగుత్తులు. ఒకావిడ అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకుందట, వచ్చే వారమే బయల్దేరుతున్నాను అని రాసింది. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచడం ఎందుకు, నేనూ అదే నమ్మాను. ఒంట్లోంచి గడ్డ పోయింది, పీడ విరగడైంది అనుకున్నాను.

12వ రోజున రిపోర్టు వచ్చింది. చంకలోంచి తీసిన 14 గ్రంథుల్లో 2 గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయి. కీమో ఇవ్వాలి, తర్వాత రేడియేషన్ అన్నారు. ఆ సంగతి బయటికి తెలిశాక ఒక్కొక్కరు ఏమన్నారో చూడండి. "అయ్యో, రెండు వారాల్లోనే మళ్ళీ వచ్చిందటగా!" ఒకరు. "మొత్తం తీసేశాక కీమో దేనికి? ఆస్పత్రి వాళ్లు డబ్బుల కోసం అంటున్నారు, వేరే చోట చూపించుకో" ఇంకొకరు. "నాకు తెలిసిన ఆయుర్వేదం ఆయన ఉన్నాడు, కీమో జోలికి పోవద్దు" మరొకరు. అన్నీ ప్రేమతోనే. నేనూ మనిషినే కదండీ, వినగా వినగా నాకూ అనుమానం పట్టుకుంది. మొదటి కీమోకి ఇచ్చిన తేదీకి వెళ్లలేదు. పది రోజులు నానబెట్టాను. చివరికి మావారు రిపోర్టు పట్టుకుని ఇంకో డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ అరగంట కూర్చోబెట్టి ఒక్కొక్క లైను చదివి చెప్పింది. అప్పుడు తల ఊపాను.

మా చెల్లెలు తప్పు చేసిందని నేను అనను. అది పెట్టిన మాట అబద్ధం కాదు, తొందరపడిన నిజం. ఆ రోజుకి ఎంత తెలుసో అంతకంటే పెద్ద వార్త చెప్పింది. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదల్చుకున్నది ఇదే: క్యాన్సర్‌లో మంచి మాట ఒక్కసారే రాదు, విడతలు విడతలుగా వస్తుంది. ఏ విడతలో ఎంత వచ్చిందో అంతే చెప్పాలి.

ఆ విడతలేమిటో చూద్దాం. నాకు జరిగింది రొమ్ము క్యాన్సర్ కాబట్టి ఆ ఉదాహరణలే ఎక్కువ చెప్తాను.

మొదటిది, థియేటర్ గుమ్మం దగ్గర సర్జన్ చెప్పే మాట. "బాగా జరిగింది" అంటే మనిషి క్షేమంగా ఉంది, రక్తం మరీ ఎక్కువ పోలేదు, కంటికి కనిపించిన గడ్డ బయటికొచ్చింది అని అర్థం. ఆయన చూసింది కంటితో. కణాలు కంటికి కనపడవు. కొన్నిసార్లు ఆపరేషన్ మధ్యలోనే చిన్న ముక్క తీసి గడ్డకట్టించి, అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద చూస్తారు. దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. అది కూడా తాత్కాలికమైన మాటే, అసలు తీర్పు తర్వాత వస్తుంది. కాబట్టి ఆ రోజు చెప్పగలిగిన మంచి వార్త ఏమిటంటే, మనిషి కళ్లు తెరిచింది, మాట్లాడుతోంది. అది చిన్న వార్త కాదండి. థియేటర్ బయట కూర్చున్నవాళ్లని అడగండి.

రెండో విడత హిస్టోపాథాలజీ రిపోర్టు. వాడుకలో బయాప్సీ రిపోర్టు అనే అంటాం. దీనికి వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. "ఇంత ఆలస్యమా, ఏదో దాస్తున్నారు" అని అనుమానపడతాం. దాచడం ఏమీ ఉండదు. తీసిన భాగాన్ని ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి. తర్వాత ముక్కలు కోసి, మైనంలో పోసి అచ్చులు కట్టాలి. ఆ అచ్చుని ఉల్లిపొర కంటే పల్చగా చెక్కి, గాజు పలక మీద పరిచి, రంగులు వేసి అప్పుడు డాక్టర్ చూస్తారు. నాకు 14 గ్రంథులు అన్నాను కదా, వాటిని ఆ కొవ్వులోంచి వెతికి, ఒక్కోటీ విడిగా చూడాలి. ఆ పైన రిసెప్టర్ పరీక్షలు. హెర్2 అనే పరీక్షలో 2 ప్లస్ వస్తే అటో ఇటో తేలనట్టు, ఫిష్ అని ఇంకో పరీక్షకి పంపుతారు. ఇంకొన్ని రోజులు. ఈ సంగతి ముందే స్నేహితులకి ఒక మాట చెప్పి పెడితే, "రిపోర్టు వచ్చిందా, వచ్చిందా" అని రోజూ అడగరు. అడిగినా తక్కువ అడుగుతారు.

రిపోర్టు చేతికొచ్చాక అందులో మంచి మాట ఎక్కడుందో తెలియాలి కదా. నాకైతే మొదటిసారి చూస్తే పరీక్ష పేపర్ చూసినట్టే ఉంది. ముఖ్యమైనవి చెప్తాను.

ఒకటి మార్జిన్లు, అంటే అంచులు. తీసిన ముక్క చుట్టూ సిరా పూస్తారు. మైక్రోస్కోపులో చూసినప్పుడు క్యాన్సర్ కణాలు ఆ సిరాని తాకకుండా ఉంటే అంచులు శుభ్రంగా ఉన్నట్టు. వ్యాపించే రకం రొమ్ము క్యాన్సర్‌కి ఆ కొలత సరిపోతుంది. నోటి క్యాన్సర్‌లో అంత దగ్గర ఒప్పుకోరు, 5 మిల్లీమీటర్ల ఎడం ఉంటే మంచిదని చూస్తారు. అంచులు శుభ్రంగా ఉన్నాయంటే అది నిజమైన మంచి మాట. ధైర్యంగా చెప్పుకోవచ్చు.

తర్వాత గ్రంథులు. రిపోర్టులో 0/14 అని ఉంటే 14 చూశారు, దేంట్లోనూ లేదు. నాది 2/14. అది ఆనందపడే అంకె కాదు, అలాగని గుండె జారిపోయే అంకె కూడా కాదు. ఇక్కడ ఒక తికమక ఉంది. ఆపరేషన్‌కి ముందు స్కానింగ్‌లు చూసి నాకు స్టేజి 2ఏ అన్నారు. రిపోర్టు వచ్చాక 2బి అయింది. మా పిన్ని ఒకటే ఏడుపు, "పన్నెండు రోజుల్లో స్టేజి పెరిగిపోయిందే" అని. పెరగలేదు పిన్నీ, అది ముందే ఉంది, స్కానింగ్‌కి కనపడలేదు, మైక్రోస్కోపుకి కనపడింది అని ఎన్నిసార్లు చెప్పానో. పైనుంచి చూసి మామిడిచెట్టుకి వంద కాయలు అనుకుంటాం, దింపాక నూట పది తేలతాయి. చెట్టు ఆ పూట కొత్తగా కాయలేదు కదా.

ఇక అన్నిటికంటే తికమక పెట్టే మాట "పాజిటివ్". కరోనా వచ్చి వెళ్లాక మన జనానికి పాజిటివ్ అంటే చెడ్డదని ముద్ర పడిపోయింది. నా రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అని ఉంది. గ్రంథుల విషయంలో పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని. అక్కడ బాధే. కానీ ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఆ కణాలు హార్మోన్ల మీద ఆధారపడి బతుకుతున్నాయి, కాబట్టి హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు వాటి మీద పనిచేస్తాయి అని. అంటే మన చేతికి ఇంకో ఆయుధం దొరికినట్టు. నేను ఆ తేడా తెలియక "మూడింట్లో రెండు పాజిటివ్ వచ్చాయి" అని మా బ్యాంకు కొలీగ్‌కి చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేసి మావారికి చేసి భోరున ఏడ్చింది. మంచి వార్త చెప్పి ఏడిపించాను చూడండి! కాబట్టి రిపోర్టులో ఉన్న మాట ఉన్నట్టు చదవకండి. డాక్టర్ గారిని "ఇది మాకు మంచిదా, కాదా? మామూలు మాటల్లో చెప్పండి" అని అడగండి. ఆ చెప్పిన వాక్యాన్ని కాగితం మీద రాసుకోండి. అదే వాక్యం అందరికీ చెప్పండి.

మూడో విడత ఆ తర్వాత వైద్యం ఏమిటన్నది. ఇక్కడే స్నేహితులకి పెద్ద అనుమానం వస్తుంది. అంతా తీసేశారుగా, ఇంకా కీమో ఎందుకు? నాకు ఆ రెండో డాక్టర్ గారు చెప్పిన పోలిక మా ఊరివాళ్లందరికీ ఇట్టే అర్థమైంది. పొలంలో తుంగ మొలిచింది. మీరు పైకి కనిపించిన మొక్కలన్నీ పీకేశారు. చేను చూస్తే శుభ్రంగా ఉంది. కానీ భూమిలో ఎక్కడో చిన్న తుంగగడ్డ మిగిలిందేమో ఎవరికి తెలుసు? ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే మళ్ళీ లేస్తుంది. అందుకని మందు కొడతాం. కీమో అలాంటిదే. ఎక్కడైనా కంటికి కనపడని కణం మిగిలి ఉంటే దాని కోసం. ఆపరేషన్ విఫలమైందని కాదు, క్యాన్సర్ మళ్ళీ వచ్చిందని అసలే కాదు. మామూలుగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుపెడతారు. పుండు మానాలి కదా, అందుకని ఆ గడువు. నాలాగా దాన్ని నానబెట్టకండి.

అందరికీ కీమో ఉండదు. కొందరికి మాత్రలతో సరిపోతుంది, కొందరికి రేడియేషన్, మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారు చూడండి, అది. కొందరికి ముందే కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. వాళ్ల రిపోర్టులో ఒక్కోసారి క్యాన్సర్ కణమే కనపడలేదని వస్తుంది. అది చాలా పెద్ద మంచి మాట. అయినా వాళ్లకీ మిగతా వైద్యం ఆపరు. ఎవరి దారి వాళ్లది. కాబట్టి "మా వదినకి కీమో ఇవ్వలేదే, నీకెందుకు" అనే పోలిక పెట్టుకోవద్దని స్నేహితులకి మెల్లగా చెప్పండి.

ఇలా విడతల వారీగా చెప్పినవాళ్లు మనకి తెలిసినవాళ్లలోనే ఉన్నారు. 2021 డిసెంబరులో నటి హంసా నందిని తన సంగతి తనే ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు. ఆపరేషన్ అయింది, వ్యాపించలేదని చెప్పారు, తొందరగా దొరికిందని ఊరట. కానీ ఆ ఊరట ఎక్కువ రోజులు లేదు, తర్వాత జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ1 మార్పు ఉందని తేలింది, అందువల్ల ఇంకా వైద్యం, ఇంకా ఆపరేషన్లు అని ఆమె ఏదీ దాచకుండా రాశారు. 9 కీమోలు అయ్యాయి, ఇంకా 7 ఉన్నాయి అని లెక్క కూడా చెప్పారు. చదివినవాళ్లకి ఆమె ఎక్కడుందో స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాత ఇంకో కీమోకి వెళ్లినప్పుడు "మళ్ళీ వచ్చిందట" అనే అవకాశం ఎవరికీ లేదు. అంతకుముందు 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులని పిలిచి నాకు క్యాన్సర్ అని తనే చెప్పారు, గుర్తుందా? క్యాన్సర్ అంటే గుసగుసగా చెప్పుకునే మన ఇళ్లలో ఆ రోజు టీవీ ముందు అందరం నోళ్లు తెరుచుకుని కూర్చున్నాం.

గుసగుసలు ఎందుకంటే, కారణాలు ఉన్నాయండి. ఇంట్లో పెళ్లికావలసిన ఆడపిల్ల ఉంటే సంబంధాలు తప్పిపోతాయని భయం. అంటుకుంటుందనే అపోహ. అది అంటుకునే జబ్బు కాదని ఎన్నిసార్లు చెప్పినా, విడిగా గ్లాసు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకొకటి దిష్టి. మా అత్తగారికి ఎనభై దాటాయి. రిపోర్టులో అంచులు శుభ్రంగా ఉన్నాయని తెలిసిన రోజు ఆవిడ, "మంచి మాట నలుగురి నోళ్లలో పడకూడదే, దిష్టి తగుల్తుంది" అంది. నేను వాదించలేదు. అది మూఢనమ్మకం అని ఆవిడకి పాఠం చెప్పే ఓపికా లేదు, అవసరమూ లేదు. దిష్టి అనే మాట వెనక ఉన్న భయం నాలోనూ ఉంది. బాగుంది అని పైకి అన్నాక రేపు బాగోకపోతే ఎలా? అదే భయం. "సరే అత్తయ్యా, ముందు దిష్టి తీసెయ్యండి, తర్వాత చెప్తాను" అన్నాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు. ఆ తర్వాత గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. ఆవిడా స్థిమితపడింది, నేనూ స్థిమితపడ్డాను.

ఇప్పుడు అసలు మెసేజ్‌లు ఎలా ఉండాలో చూద్దాం. మొదటిది ఆపరేషన్ రోజుది. ఇంట్లో ఒక్కరే పెట్టాలి. ఇద్దరు ముగ్గురు పెడితే మాట మాటకీ తేడా వస్తుంది. నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు కొన్నాళ్లు మాట్లాడలేరు, ముక్కులో గొట్టం ఉంటుంది. వాళ్ల విషయంలో ఈ ఒక్క మనిషి ఉండి తీరాలి. మాట ఇలా ఉంటే చాలు: "ఈ రోజు ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చింది, మాతో మాట్లాడింది. తీసిన భాగం పరీక్షకి వెళ్లింది. రిపోర్టుకి రెండు వారాలు పట్టొచ్చు. వచ్చాక నేనే చెప్తాను. ఏమైనా కావాలంటే నా నంబర్‌కి చెయ్యండి."

రెండోది రిపోర్టు వచ్చాక. నేను ఆలస్యంగా నేర్చుకుని పెట్టిన మెసేజ్ ఇది: "రిపోర్టు వచ్చింది. తీసిన గడ్డ అంచుల్లో క్యాన్సర్ లేదు, అది మంచి మాట. చంకలో 14 గ్రంథుల్లో రెండింటిలో ఉంది. వాటిని కూడా తీసేశారు. ఎక్కడైనా కణాలు మిగిలితే అవి పోవడానికి 8 కీమోలు, తర్వాత 15 రోజులు రేడియేషన్ ఇస్తారు. మళ్ళీ రాలేదు. వైద్యంలో ఇది తర్వాతి భాగం. జుట్టు ఊడుతుంది, చూసి కంగారుపడకండి." ఈ ఆఖరి వాక్యం పెట్టినందుకు నాకు నేనే శభాష్ అనుకున్నాను. ఎదురుపడినప్పుడు ఎవరూ మొహం తిప్పుకోలేదు.

రిపోర్టు ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టకండి. అందులో మీ వయసు, ఆస్పత్రి నంబర్, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. అదొక్కటే కాదు, గ్రూప్‌లో ఎవరో ఒకరు ఒక్కో మాటా ఇంటర్నెట్‌లో వెతికి, ఎన్నేళ్లు బతుకుతారో అంకెలు తీసి మీకే పంపిస్తారు. నాకు పంపించారు. మంచి ఉద్దేశంతోనే పంపించారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మూడోది వైద్యం అయిపోయాక. దీన్ని ఎలా రాయాలో డాక్టర్ గారినే అడిగాను. "నయమైపోయింది అని రాయొచ్చా మేడమ్?" అంటే ఆవిడ కాసేపు ఆలోచించి, "ప్రస్తుతానికి పరీక్షల్లో ఎక్కడా క్యాన్సర్ కనపడట్లేదు అని రాయండి" అంది. వైద్యులు వాడే మాట అదే, వ్యాధి ఆనవాలు లేదు అని. మొదట నాకు అది ఉప్పులేని పప్పులా అనిపించింది. అంత కష్టపడితే ఇంతేనా అని. ఇప్పుడు ఆ మాటే నాకు ఇష్టం. అందులో అబద్ధం లేదు. ఎల్లుండి ఏదైనా తేడా వచ్చినా ఈ మాటని వెనక్కి తీసుకోనక్కర్లేదు. అయిదేళ్లు రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి, ఏడాదికోసారి రెండో రొమ్ముకి మామోగ్రామ్ అని కూడా రాశాను. చివర్లో "ఆదివారం గారెలు వండుతున్నాను, రండి" అని పెట్టాను. పదిహేడు మంది వచ్చారు. పిండి చాల్లేదు.

మనవాళ్లకి చూడ్డానికి రాకపోతే మర్యాద కాదని ఉంటుంది. కీమో ఇచ్చాక వారం పది రోజులకి తెల్లకణాలు బాగా తగ్గుతాయి, ఆ సమయంలో జలుబు ఉన్న మనిషి వచ్చినా ప్రమాదమే. "రావద్దు" అంటే నొచ్చుకుంటారు. నేనేం చేశానంటే, పనులు పంచాను. ఒకరికి మంగళవారం టిఫిన్. ఒకరికి మా మనవరాలిని స్కూల్ నుంచి తేవడం. ఆపరేషన్ అయిన కొత్తలో ఒంటికి డ్రెయిన్ గొట్టం ఉంటుంది, రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాయాలి, బాగా తగ్గాకే తీస్తారు. మా ఎదురింటావిడ లెక్కల టీచరు, ఆ పుస్తకం ఆవిడకి అప్పగించాను. ఆవిడ గ్రాఫ్ గీసింది! "ఈ రోజు 40, నిన్న 55" అని ఆవిడే అందరికీ చెప్పేది. అలాంటి చిన్న మంచి వార్తలు చెప్పుకుంటుంటే, పెద్ద వార్త కోసం ఎదురుచూసే రోజులు కాస్త త్వరగా గడుస్తాయి.

ఇక చివరి సంగతి. దీని గురించి మాట్లాడాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆమెని అడిగితే "చెప్పవే, పేరు మాత్రం చెప్పకు" అంది, అందుకని చెప్తున్నాను.

ఖమ్మంలో నాకో స్నేహితురాలు ఉంది. డిగ్రీలో ఒకే గది. నాకంటే మూడేళ్ల ముందు తనకి అండాశయ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. నాకు జబ్బు అని తెలిసిన మొదటి రోజు నేను ఫోన్ చేసింది తనకే. వాంతులకి ఏం తినాలి, నోరు పూస్తే ఏం చెయ్యాలి, అన్నీ తనే చెప్పింది. అలాంటిది, నాకు రేడియేషన్ అయిపోయి, ఎక్కడా కనపడట్లేదు అని డాక్టర్ గారు అన్న రోజున తనకి చెప్పలేకపోయాను. అందరికీ మెసేజ్ పెట్టాను, తనకి పెట్టలేదు. తను అప్పుడు మూడోసారి కీమోలో ఉంది. నా మంచి వార్త తనకి గుచ్చుకుంటుందని. మూడు వారాలు ఫోన్ చేసినప్పుడల్లా వాన గురించి, సీరియల్ గురించి మాట్లాడాను.

ఎవరో చెప్పేశారు. ఒక రోజు పొద్దున్నే ఫోన్. "ఏమే, అయిపోయిందట కదా?" నేను నీళ్లు నమిలాను. నువ్వు బాధపడతావని అన్నాను. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "బాధ లేదని నేను అనను. కాస్త ఉంటుంది. కానీ నువ్వు నాకు చెప్పకపోతే, నన్ను అప్పుడే లెక్కలోంచి తీసేశావని అనిపించింది." నాకు నోట మాట రాలేదు. తనే మళ్ళీ, "సరే, రిపోర్టు తియ్యి. మొదటి నుంచీ చదువు" అంది. చదివాను. అంచులు, గ్రంథులు, గ్రేడు, అన్నీ. మధ్యమధ్యలో ఆపి అడిగింది. ఇన్నేళ్లలో తను సగం డాక్టరు అయిపోయింది. "ఈఆర్ ఎంత శాతం? ఓ, బాగుందే" అంది. ఆ "బాగుందే" విన్నాక నాకు నిజంగా బాగుందనిపించింది.

తన దగ్గర నేర్చుకున్నవి చెప్తాను. ఇంకా వైద్యంలో ఉన్న స్నేహితులకి మన మంచి మాట గ్రూప్‌లో తెలియనివ్వకండి. విడిగా, ముందుగా, ఫోన్‌లో చెప్పండి. చేసే ముందు "ఇప్పుడు మాట్లాడొచ్చా, ఓపిక ఉందా?" అని అడగండి. కీమో ఎక్కించుకున్న రోజైతే రేపటికి వాయిదా వెయ్యండి. రెండు వాక్యాల్లో చెప్పి ఆగండి. "నీకు కూడా తప్పకుండా తగ్గిపోతుంది" అని తగిలించకండి. ఆ మాట మనకి తెలియదు, మనకి తెలియదని వాళ్లకి తెలుసు. "ప్రార్థన చేశాను కాబట్టి తగ్గింది", "ధైర్యంగా ఉన్నాను కాబట్టి తగ్గింది" అనేవి కూడా వద్దు. మరి వాళ్లు ధైర్యంగా లేరా? నా ఖమ్మం స్నేహితురాలి కంటే ధైర్యం ఉన్న మనిషిని నేను చూడలేదు. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి. ఫోన్ పెట్టేస్తే మర్నాడు మీరే చెయ్యండి, మామూలుగానే.

మొన్న ఆరు నెలల చెకప్‌లో నాకు బాగానే ఉందన్నారు. ఆస్పత్రి మెట్లు దిగుతూనే తనకి ఫోన్ చేశాను. "చంక కింద బిళ్లలేం లేవుగా? సరిగ్గా చూశాడా?" అని అడిగింది. చూశారన్నాను. "అయితే సరే, మా ఇంట్లో మాగాయ కలుపుతున్నారు, నీకో సీసా పంపిస్తాను. కారం ఎక్కువ తినకు" అంది. తనకి ఇప్పుడు మాత్రలు నడుస్తున్నాయి. వచ్చే నెల స్కాన్ ఉంది. వచ్చాక ఏ మాటైనా సరే నాకే ముందు చెప్పాలని ఒప్పందం.

వచ్చే ఎపిసోడ్‌లో ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాపు గురించి, చేతి వ్యాయామాల గురించి చూద్దాం. ఉంటానండి, నమస్కారం.